పెద్దిరాజు ఆనుకున్న కారు

పొద్దున్నే లేవగానే తలుపులమ్మ చేసే మొదటి పని, గోడ కింద పెట్టిన కొబ్బరి చిప్ప తీసి అందులో పడ్డ ఆయిలు సీసాలోకి వంచుకోవడం. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. చిప్పని మళ్ళీ తీసుకెళ్ళి గోడ కింద, ఫొటోకి సూటిగా పెట్టేది. ఫొటోలో ఓ కారుంది. ఆ కారుకి వెనకాల ఆనుకుని ఆమె మొగుడు పెద్దిరాజు నిలబడి ఉన్నాడు. ఆ కారు అడుగు నుంచి ఆయిలు ఊరి, ఫొటో చట్రం అంచు మీదుగా దిగి, చుక్క చుక్కగా చిప్పలో పడేది.

నరసాపురం రేవు పక్కన ఆ పేటలో ఎవరికీ ఆ సంగతి వింత కాదు. పక్కింటి చిన్నమ్మాయి వాళ్ళ తలుపు కిర్రుమన్నప్పుడల్లా గిన్నె పట్టుకుని వచ్చేది.

"ఒదినా, మీ ఆయన ఆయిలు కాసింత పొయ్యవే."

"సీసాలో ఉంది, ఒంపుకో."

పడవ ఇంజన్లు బాగుచేసే బుజ్జిబాబు కూడా అప్పుడప్పుడు పట్టుకెళ్ళేవాడు. మంచి చిక్కగా ఉంటుందనేవాడు. అత్త మహాలక్ష్మమ్మకి మాత్రం గోడ మరక మీదే కోపం. ఏటా సున్నం కొడుతుంది. సున్నం ఆరేలోపు మరక మళ్ళీ కిందకి దిగుతుంది. "ఆడు ఇంట్లో ఉన్నప్పుడూ ఇంతే, ఏదో ఒకటి ఒలకబోసేవోడు" అనేసి చేపల గంప ఎత్తుకుని బజారుకి వెళ్ళిపోయేది.

పెళ్ళయిన కొత్తలోనే పెద్దిరాజు విశాఖపట్నం వెళ్ళి సరుకుల ఓడలో కళాసీగా ఎక్కేడు. అరవై తొమ్మిదిలో ఆ ఓడ ఏదో దేశం దగ్గర తుపానులో మునిగిపోయిందని కబురొచ్చింది. ఎవరు బతికేరో ఎవరు పోయేరో ఎవరూ తేల్చి చెప్పలేదు. చాలా ఏళ్ళు గడిచిపోయాక, ఎవరో కళాసీ రైలు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఆ ఫొటో ఇచ్చేడు. అతనికి ఇంకో కళాసీ ఇచ్చేడంట. అంతకు మించి అతనికేం తెలీదు. మంచినీళ్ళు తాగి, తిరుగు రైలుకి టైమైందని వెళ్ళిపోయేడు. ఫొటో ఎప్పుడు తీసిందో ఇంట్లో ఎవరికీ తెలీదు. మునగక ముందుదా, మునిగిన తర్వాతదా?

తలుపులమ్మ పగలంతా గుమ్మంలో కూర్చుని లేసు అల్లేది. సూది కొక్కెంతో దారం లాగీ లాగీ చూపుడు వేలు మీద కాయ కాసింది. కళ్ళు మండేవి. మెడ లాగేసేది. సాయంత్రం అత్త వచ్చి గంప దించేక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా అన్నం తినేవారు. ఒకామెకి చేపల వాసన, ఒకామెకి ఆయిలు వాసన. మాట్లాడుకోడానికి ఏదైనా మిగిలితే కదా.

అలాంటప్పుడు రేవులో పడవ నడిపే లోవరాజు కులపెద్ద వీరబ్రహ్మం దగ్గరకి వెళ్ళి, తలుపులమ్మని మారుమనువు చేసుకుంటానని అడిగేడు. అతని పెళ్ళాం పోయింది. పిల్లల్లేరు. నెమ్మదైన మనిషి. గోదారి అవతల సఖినేటిపల్లి నుంచి ఇవతలకి వచ్చే పడవలో తలుపులమ్మ ఎక్కితే, ఎండ పడకుండా తెరచాప నీడ వైపు కూర్చోమనేవాడు. వాళ్ళిద్దరి మధ్యా జరిగిందల్లా అదే.

వీరబ్రహ్మం తలుపులమ్మని పిలిపించేడు. "ఏమ్మా, నీకిష్టమేనా?"

తలుపులమ్మ కాలి వేలితో ఇసక గీరుతూ, "ఇంటికెళ్తే పలకరించే మనిషుంటే బానే ఉంటుంది పెద్దయ్యా" అంది.

"అంటే ఇష్టమే. కానీ ఓ చిక్కుంది. నీ మొగుడు చచ్చిపోయుంటే గడ్డిబొమ్మ కట్టి దహనం చేసి, గాజులు తీసేసి, తర్వాత మారుమనువు చేస్తాం. బతికుంటే మాత్రం చెయ్యలేం. బతికున్నోడి పెళ్ళాన్ని ఇంకోడికి ఇచ్చేనని రేపు నా మొహాన ఉమ్ముతారు. ఆ ఫొటో ఎప్పటిదో తేల్చండి. ఓడ మునగక ముందుదైతే ఆడు పోయినట్టే అనుకుందాం."

బుజ్జిబాబుని పిలిచేరు. ఇంజన్లు తెలిసినవాడు కదా. అతను ఫొటోని గోడ మీంచి దించకుండానే దగ్గరకెళ్ళి, కారు ముందు భాగం మీద వేలు పెట్టేడు. ఫొటోలో కారు మూత మొత్తం మొసలి నోరులాగ ముందుకి తెరుచుకుని ఉంది.

"ఇది హెరాల్డు. అనుమానమే లేదు. మూత ఇలా మొత్తంగా ముందుకి తెరుచుకునేది హెరాల్డుకే. మన లేసుల షావుకారికి ఉంది చూడు, అదే."

"పాతదా, కొత్తదా?" అంది తలుపులమ్మ.

"హెరాల్డు పెద్దిరాజు ఓడెక్కక ముందు నుంచీ ఉందొదినా. పాతదే."

కారు పాతదైతే ఫొటో కూడా పాతదేనని అక్కడితో తేల్చేసేరు. వచ్చే అమావాస్యకి గడ్డిబొమ్మ కట్టి దహనం చెయ్యాలని వీరబ్రహ్మం చెప్పేడు. మహాలక్ష్మమ్మ ఏడవలేదు. ఎవరితోనూ తగువు పడలేదు. బజారుకి వెళ్ళడం మాత్రం మానేసింది. చేపలు అమ్మని మహాలక్ష్మమ్మని పేటలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తలుపులమ్మ అన్నం పెడితే కంచం దగ్గర కూర్చుని, మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయేది.

అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా తలుపులమ్మ అల్లిన బల్లగుడ్డ పట్టుకుని జోగేశ్వరరావు గారి కొట్టుకి వెళ్ళింది. పేటల్లో అల్లిన లేసులన్నీ ఆయనే కొని పై దేశాలకి పంపుతారు. ఒకసారి లేసు అమ్ముకోడానికి లండన్ వెళ్ళి, లేసు కన్నా కార్లనే ఎక్కువ చూసొచ్చేరని బజారంతా నవ్వుకునేవారు. ఆయన బల్లగుడ్డని వెలుగులోకి ఎత్తి చూసి ఒకచోట ఆగిపోయేరు. మధ్యలో నల్లటి చుక్క.

"ఏంటే ఇది? తెల్ల లేసు మీద దిష్టిచుక్క పెట్టేవా?"

"చూసుకోలేదండి. రాత్రిపూట ఫొటో కింద కూర్చుని అల్లేనండి."

ఆయన చుక్కని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మొహం మారిపోయింది. "ఇది ఇంజన్ ఆయిలు. మా హెరాల్డు కింద రోజూ ఇదే మరక. ఏం కారే మీ ఫొటోలో?"

"అదేనండి. హెరాల్డేనంట. బుజ్జిబాబు చెప్పేడు."

"ఓసారి పట్టుకురా చూద్దాం."

ఆమె ఇంటికెళ్ళి ఫొటోని తువ్వాల్లో చుట్టి, అడుగున చిప్ప ఆన్చి పట్టుకుని, ఎండలో నడుచుకుంటూ మళ్ళీ కొట్టుకొచ్చింది. జోగేశ్వరరావు గారు బల్ల మీద పాత పేపరు పరిచి ఫొటోని దాని మీద నిలబెట్టించేరు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసేరు. బేరానికొచ్చినవాళ్ళని గుమస్తాకి అప్పగించేసేరు.

"హెరాల్డు కాదే ఇది. హెరాల్డుకి తమ్ముడు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అంటారు. ఇంగ్లండులో చేస్తారు. ఇద్దరే పడతారు ఇందులో. సరదాగా గాలికి తిరగడానికి కొనుక్కుంటారు."

"మరి మూత?"

"బుజ్జిబాబు తప్పేం లేదు. హెరాల్డు అడుగు మీదే దీన్నీ కట్టేరు. మూత కూడా అలాగే తెరుచుకుంటుంది. వాడు ఇంజనోడు కాబట్టి ఇంజను వైపే చూసేడు. నువ్వు తోక చూడు."

తలుపులమ్మ చూసింది. పెద్దిరాజు నడుం ఆన్చిన చోటు పక్కగా, కారు వెనక భాగం రంపం పెట్టి కోసినట్టు నిటారుగా దిగి ఉంది. ఆమెకి వెంటనే అర్థమైంది. వాళ్ళ పేటలో ఏ పడవైనా దాని వెనక కొస, అమరం చూసే ఏ వడ్రంగి చేతిదో చెప్పేస్తారు. ఇన్నాళ్ళూ కారుని మాత్రం అందరూ మూతి వైపు నుంచే చూసేరు.

"వడ్రంగి మారేడాండి?"

జోగేశ్వరరావు గారు నవ్వేరు. "అలాగే అనుకో. పాత స్పిట్‌ఫైర్‌కి తోక గుండ్రంగా కిందకి వాలిపోయేది. ఇలా కోసేసింది డెబ్బైలో, ఆ ఏడాది చివర్లో. అంతకు ముందు ఈ తోక లేదు. తలుపు పిడి చూడు, లోపలికి దిగి ఉంది కదా. అదీ కొత్తదే. మీ ఆయన ఓడ ఎప్పుడు మునిగింది?"

"అరవై తొమ్మిదిలోనండి."

ఆయన నవ్వు ఆపేసేరు. పేపరు మీద ఓ చుక్క పడింది.

"అయితే మునిగిన ఓడలోంచి పైకొచ్చి, ఈ కారుకి ఆనుకుని ఫొటో దిగేడు."

"అలాగాండి" అంది తలుపులమ్మ. తువ్వాలు తీసి మడత పెట్టసాగింది.

"మొగుడు బతికున్నాడంటే సంతోషించవేంటే?"

"సంతోషిస్తానండి. కాసేపాగి సంతోషిస్తాను."

జోగేశ్వరరావు గారికి మారుమనువు సంగతి బజారులో వినపడే ఉంది. గుమస్తాతో ఆమెకి సోడా తెప్పించేరు. వెళ్ళేటప్పుడు, "ఇది మీ ఇంటి సంగతి. నా నోటంట రాదు. చెప్పుకుంటావో మానతావో నీ ఇష్టం" అన్నారు.

ఆమె రేవు మీంచి నడిచింది. పడవ ఒడ్డుకి కట్టి లోవరాజు పడవ తోసే గెడ ఆరబెడుతున్నాడు. తువ్వాలు మూట చూసి, "ఏంటి, మీ ఆయనకి ఊరు చూపిస్తున్నావా?" అన్నాడు.

"అవును. ఎండ బాగా తగిలింది పాపం."

"నీకే తగిలినట్టుంది. కాసేపు కూర్చుని వెళ్ళు."

ఆమె కూర్చోలేదు. చెప్పకపోతే సరిపోతుంది. నాలుగు రోజులు నోరు మూసుకుంటే గడ్డిబొమ్మ కాలిపోతుంది, గాజులు తీసేస్తారు, ఓ నెల పోయేక ఈ మనిషింటికి వెళ్ళిపోవచ్చు. అబద్ధం ఆడక్కర్లేదు. బుజ్జిబాబు చెప్పిందే ఉంచేస్తే చాలు. దారిపొడుగునా ఆమె ఆ మాటే తనకి తను చెప్పుకుంటూ నడిచింది. చేతిలో ఫొటో బరువుగా ఉంది.

ఇంటికొచ్చేసరికి మహాలక్ష్మమ్మ పెరట్లో కూర్చుని గడ్డిబొమ్మ కడుతోంది. ఎవరో కట్టిపెడతామన్నా ఒప్పుకోలేదంట. తలా మొండెం అయిపోయాయి. కాళ్ళు కడుతోంది. కట్టిన కాళ్ళు విప్పేసి, ఇంకాస్త గడ్డి చేర్చి, మళ్ళీ కడుతోంది.

"ఏంటత్తా, కట్టిందే కడుతున్నావు?"

"ఆడి కాళ్ళు పొడుగే. నువ్వు మర్చిపోయుంటావు. మంచం మీంచి బయటికి ఉండేవి." ఆమె తలెత్తలేదు. "పొట్టిగా కడితే ఆడిది కాదనుకుని తీసుకోడేమో."

తలుపులమ్మ ఫొటోని గోడకి తగిలించి, చిప్ప సరిగ్గా పెట్టి, వచ్చి అత్త పక్కన కూర్చుంది. చాలాసేపు గడ్డి పరకలు సర్ది సర్ది ఇచ్చింది. ఆఖరికి అత్త చేతుల్లోంచి బొమ్మని మెల్లగా లాగేసుకుంది.

"కట్టకత్తా. బతికున్నాడు."

"ఎవరు చెప్పేరు?"

"కారు తోక. షావుకారు గారు చూసేరు. అలాంటి తోక ఓడ మునిగేకే చేసేరంట."

మహాలక్ష్మమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఎప్పుడూ చూడనట్టు చూసింది. "ఇది నీకు తెల్సి నాకు చెప్తున్నావా? నీ పని చెడిపోద్ది కదే."

"చెడిపోద్ది."

"మరి?"

"నువ్వు అన్నం తినట్లేదు కదా" అంది తలుపులమ్మ.

ముసలామె కట్టిన కట్లన్నీ ఒక్కొక్కటే విప్పి, గడ్డిని పక్కింటి మేకకి వేసేసింది. ఆ పూట కడుపునిండా తిని పడుకుంది. పొద్దున్న లేచి గంప ఎత్తుకుంది కూడా. కానీ గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి ఫొటో ముందు నిలబడింది.

"చచ్చిపోయేడంటే ఏడవడం వచ్చు నాకు. బతికుండీ ఓ మాట పంపనోడికి ఏం చెయ్యాలే తలుపులూ?"

తలుపులమ్మ చిప్ప వంచుకుంటోంది.

అమావాస్య పొద్దున్న, దహనానికి రావాల్సినవాళ్ళంతా వలలు ఆరేసే దిబ్బ మీదకి వచ్చేరు. మహాలక్ష్మమ్మే లేచి కారు తోక సంగతి చెప్పింది. బుజ్జిబాబు కాసేపు తల గోక్కుని, "తోక చూడలేదు పిన్నీ, నిజమే" అని ఒప్పుకున్నాడు. లోవరాజు దూరంగా ఒడ్డున గెడ పట్టుకుని నిలబడి అంతా విన్నాడు.

వీరబ్రహ్మం చుట్ట ఆర్పేడు. "అయితే మారుమనువు కుదరదు. ఒక్కటే దారుంది, ముందు తెగతెంపులు. దానికి మొగుడూ పెళ్ళాం చెరో కొస పట్టుకుని పదిమంది ముందు గడ్డిపరక తెంచాలి. ఆడేడి మరి?"

"ఫొటోలో ఉన్నాడు కదా పెద్దయ్యా" అంది చిన్నమ్మాయి.

అందరికీ సబబుగానే అనిపించింది. ఫొటో తీసుకొచ్చి, బోర్లించిన గంప మీద నిలబెట్టేరు. ఇసక పాడవకుండా ఎవరో చిప్ప కూడా పెట్టేరు. తలుపులమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇక్కడ కూర్చోమంటే ఇక్కడ, లేవమంటే లేవడం, ఇన్నేళ్ళూ ఆమె చేసిందదే.

వీరబ్రహ్మం గొంతు సవరించుకున్నాడు. "ఒరే పెద్దిరాజూ, నీ పెళ్ళాం ఇదుగో. నీ అమ్మ ఇదుగో. ఏలుకుంటావా?"

ఫొటోలో పెద్దిరాజు నవ్వుతూనే ఉన్నాడు. చిప్పలో చుక్క పడింది.

"ఏలుకుంటావేంట్రా?"

ఫొటోలో కారు మూత దానంతటదే వాలి మూసుకుంది.

"ఇదే ఆఖరు అడగడం. ఏలుకుంటావా, లేదా?"

పెద్దిరాజు కారుకి ఆనించిన నడుం తీసేడు. కోటు దులుపుకున్నాడు. ఇటు చూడలేదు. తలుపు తీసి లోపల కూర్చున్నాడు, పొడుగు కాళ్ళు ముడుచుకుని. ఇంజను దగ్గి, రెండోసారికి అందుకుంది. పొగ చట్రం దాటి బయటికొచ్చింది. కోసిన తోక చిన్నదై, ఇంకా చిన్నదై, చెట్ల మలుపు దగ్గర కనపడకుండా పోయింది. ఫొటోలో తడి రోడ్డూ, ఆయిలు మరకా మిగిలేయి.

"సైలెన్సరు పోయింది దానికి" అన్నాడు బుజ్జిబాబు.

"ఎల్లిపోయేడు" అన్నాడు వీరబ్రహ్మం. అందరూ చూసేరు కాబట్టి ఎవరినీ సాక్ష్యం అడగలేదు. ఓ గడ్డిపరక తుంచి ఒక కొస తలుపులమ్మ చేతికిచ్చేడు. రెండో కొస పట్టుకుని అటూ ఇటూ చూసేడు. "ఆడి చెయ్యి పడాలి దీని మీద. నేను పట్టుకుంటే చెల్లదు. ఏం చేద్దాం?"

గోదారి మీంచి గాలి వేసి, వలలు కదిలేయి.

మహాలక్ష్మమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. ఖాళీ ఫొటో వైపు ఒకసారి చూసింది. నడిచొచ్చి కోడలి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"ఆడి చెయ్యి నేను కన్నదే. ఇలా తే."

వీరబ్రహ్మం ఆలోచించి, కొస ఆమెకిచ్చేసేడు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని లాగేరు. రేవు పక్క గడ్డి, నీళ్ళలో నానింది, తొందరగా తెగలేదు. తలుపులమ్మకి చేతులు రాలేదు. "లాగవే, నాకు నడుం నొప్పి" అంది ముసలామె. లాగింది. తెగింది.

జనం లేచి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయేరు. వాళ్ళిద్దరూ తెగిన ముక్కలు పట్టుకుని ఇసకలో అలాగే కూర్చున్నారు.

"ఆకలేస్తుందత్తా" అంది తలుపులమ్మ కాసేపటికి.

"నేనింకా అత్తనేంటే నీకు?"

"ఏమో. వేరే ఏమని పిలవాలో తెలీట్లేదు."

మహాలక్ష్మమ్మ చీర చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. కోడలి భుజం పట్టుకుని లేచింది. "చద్దన్నం ఉంది. రాత్రి రొయ్యల పులుసుంది. పద." నాలుగడుగులు వేసి, ఒడ్డు వైపు తిరగకుండానే అంది. "ఆ గెడ పట్టుకుని నిలబడ్డోడికి వేరే చెప్పాలా? రమ్మను. ఎండెక్కితే పులుసు పాడవుద్ది."